రెంటి నడుమ నిలిచిన బిషప్పు యూలియుస్ ఫ్లూగ్

యూలియుస్ ఫ్లూగ్ 1499లో సాక్సనీలో, లైప్‌జిగ్ నగరానికి దక్షిణాన ఉన్న ఐత్రా అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు లేదు. 1980లలో తూర్పు జర్మనీ ప్రభుత్వం బొగ్గు గని కోసం దాన్ని ఖాళీ చేయించి కూల్చేసింది. ఫ్లూగ్‌లది పాతకాలపు ప్రభువంశం. తండ్రి సీజర్ ఫ్లూగ్ సాక్సనీ డ్యూక్ జార్జ్ కొలువులో ముఖ్య సలహాదారు. 1519లో లైప్‌జిగ్ కోటలో చర్చి సంస్కర్త మార్టిన్ లూథర్‌కూ పోప్ పక్షం వహించిన యోహాన్ ఎక్‌కూ జరిగిన పేరుమోసిన వాదసభలో డ్యూక్ తరఫున పెద్దగా కూర్చున్నది ఆయనే. సంస్కరణోద్యమం అని చరిత్ర పిలిచే తుపాను ఆ ఇంటి గడప దగ్గరే మొదలైందనవచ్చు.

కుటుంబం ఈ కొడుకును చర్చి కొలువుకు కేటాయించింది. భక్తి ఉన్నా లేకపోయినా ఆనాటి జర్మనీ ప్రభువర్గంలో అది మామూలు ఏర్పాటు. కొడుకులందరికీ భూమి పంచితే రెండు తరాల్లో వంశం చితికిపోతుంది. అందుకని ఒకరిద్దరిని కెథెడ్రల్‌లో కానన్ పదవిలో కూర్చోబెట్టేవారు. కెథెడ్రల్ అంటే బిషప్పు పీఠం ఉన్న ప్రధాన చర్చి. కానన్లు ఆ చర్చిని నడిపే మండలి సభ్యులు. వీళ్లు సన్యాసులు కారు. సొంత ఇల్లు, సొంత ఆస్తి, నౌకర్లు ఉండేవారు. చర్చికి రాసిచ్చిన పొలాలు, అడవులు, ఊళ్ల శిస్తుల నుంచి ఒక్కో కానన్‌కూ ఒక్కో వాటా స్థిరంగా ముట్టేది. మన గుళ్ల మాన్యాల మీద అర్చకులకు, ధర్మకర్తలకు ఉండే హక్కులు తెలిసినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు.

కానన్ పని కాగితం మీద కష్టమైనదే. తెల్లవారకముందు నుంచి రాత్రి వరకు నిర్ణీత వేళల్లో చెక్క పీఠాల వరుసలో నిలబడి లాటిన్ కీర్తనలు పాడాలి. అసలు వ్యవహారం వేరు. కానన్లకు బదులుగా ఆ పాటలు పాడటానికి చిన్న జీతం మీద వికార్లు అనే గురువులు ఉండేవారు. చాలామంది కానన్లు పూర్తి గురుపట్టం కూడా పుచ్చుకునేవారు కాదు, కింది మెట్టు పట్టాలతోనే సరిపెట్టుకునేవారు. ఒకే మనిషి మూడు నాలుగు కెథెడ్రల్‌లలో వాటా అందుకోవడం మామూలు సంగతి. పదవి దక్కాలంటే చాలాచోట్ల తల్లివైపు, తండ్రివైపు ప్రభువంశపు పూర్వీకులను రుజువు చేసుకోవాలి. స్ట్రాస్‌బర్గ్ మండలిలో ఈ పట్టింపు ఎంతగా ఉండేదంటే, ప్రత్యేక అనుమతి లేకపోతే క్రీస్తుకైనా అక్కడ చోటు దొరకదని పండితుడు ఎరాస్మస్ ఎగతాళి చేశాడని చెబుతారు. ఇక మండలికున్న అన్నిటికన్నా పెద్ద హక్కు బిషప్పును ఎన్నుకోవడం. జర్మనీలో బిషప్పు మతగురువే కాదు, చాలాచోట్ల భూభాగాన్ని ఏలే ప్రభువు కూడా. కాబట్టి కానన్ల ఓటు రాజ్యాధికారాన్ని నిర్ణయించే ఓటు. ఫ్లూగ్ జీవితంలోని పెద్ద చిక్కు కూడా ఆ ఓటుతోనే వచ్చింది.

చదువు విషయంలో మాత్రం ఇతను ఆ వర్గపు సగటు కుర్రాడు కాదు. పదకొండో ఏట లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో చేరి, గ్రీకు పండితుడు పేత్రుస్ మొసెల్లానుస్ దగ్గర చదువుకున్నాడు. 1519 వాదసభలో ప్రారంభోపన్యాసం చేసింది ఈ మొసెల్లానుసే. 1517 నుంచి ఇటలీలో బొలోన్యా, పాదువా నగరాల్లో న్యాయశాస్త్రం, ప్రాచీన సాహిత్యం చదివాడు. లూథర్ వాదాలు దేశమంతా పాకుతున్న ఆ ఏళ్లలో ఫ్లూగ్ మనసు మాత్రం సిసెరో, ప్రాచీన క్రైస్తవ పితరుల గ్రంథాల మీద ఉంది. ఆ తర్వాత జీవితమంతా అతను వేదాంతిలా కాక, న్యాయం చదివిన మానవతావాదిలా ఆలోచించాడు. మాటను సర్ది చెప్పడం, తగువులో ఇద్దరూ సంతకం పెట్టగల వాక్యం రాయడం అతనికి అక్కడే అలవడ్డాయి.

తిరిగొచ్చాక డ్రెస్డెన్‌లో డ్యూక్ జార్జ్ కొలువులో సలహాదారయ్యాడు. పదవులు వరసగా వచ్చాయి. మైసెన్‌లో కానన్, మెర్స్‌బర్గ్‌లో కానన్, త్సైట్స్‌లో ప్రొవోస్ట్, అంటే మండలికి పెద్ద. తర్వాత మైన్స్‌లో కూడా కానన్. 1537లో మైసెన్ మండలికి డీన్. ఒక మనిషికి ఇన్ని పదవులేమిటని అడిగిన సంస్కర్తల ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్నకు ఫ్లూగ్ జీవితమే ఒక సాక్ష్యం. అయితే ఆ రాబడిని వేటకూ విందులకూ తగలేసిన కానన్లు కొల్లలుగా ఉన్న రోజుల్లో ఇతను పుస్తకాలు కొన్నాడు, ఉత్తరాలు రాశాడు.

ఆ ఉత్తరాల్లో ముఖ్యమైనవి ఎరాస్మస్‌తో నడిచినవి. యూరప్ అంతటిలోనూ పేరున్న ఆ పండితుణ్ణి చర్చి ఐక్యత కోసం కలం పట్టమని ఫ్లూగ్ 1531లో కోరాడు. దాని ఫలితంగా ఎరాస్మస్ 1533లో చర్చిలో సఖ్యతను ఎలా నిలబెట్టాలన్న విషయం మీద ఒక చిన్న గ్రంథం రాసి ఫ్లూగ్‌కు అంకితమిచ్చాడు. అందులోని సారం ఇద్దరిదీ. పండితులు తేల్చలేని సంగతులను వాయిదా వేయాలి, ఆచారాల్లోని మితిమీరినవాటిని కత్తిరించాలి, విగ్రహాలు పగలగొట్టే తొందరా వద్దు, మనుషుల్ని తగలబెట్టే తొందరా వద్దు. 1534లో లైప్‌జిగ్‌లో లూథర్ సహచరుడు ఫిలిప్ మెలాంక్తన్‌తో ఫ్లూగ్ చర్చలకు కూర్చున్నాడు. ఇద్దరూ ఎరాస్మస్‌ను చదివి పెరిగినవాళ్లే. ఒకరి లాటిన్‌ను ఒకరు మెచ్చుకున్నారు. ఒప్పందం మాత్రం కుదరలేదు.

ఇక్కడ సాక్సనీ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1485లో ఇద్దరు అన్నదమ్ములు దాన్ని పంచుకున్నారు. విట్టెన్‌బర్గ్ ఉన్న భాగం చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ఎలెక్టర్‌ది. అక్కడ లూథర్‌కు అండ దొరికింది. లైప్‌జిగ్, డ్రెస్డెన్, మైసెన్ ఉన్న భాగం డ్యూక్‌ది. జార్జ్ బతికున్నంతకాలం అక్కడ పాత మతం నిలిచింది. 1539 ఏప్రిల్‌లో జార్జ్ చనిపోయాడు. వారసుడైన తమ్ముడు హెన్రీ లూథరన్. కొన్ని వారాల్లోనే లైప్‌జిగ్‌లో లూథర్ స్వయంగా ప్రసంగించాడు. మైసెన్ కెథెడ్రల్‌లో సెయింట్ బెన్నో సమాధిని అధికారులు ధ్వంసం చేశారు. పదిహేనేళ్ల కిందటే ఆ బెన్నో అస్థికలను ఊరేగింపుతో ప్రతిష్ఠించినప్పుడు లూథర్ దాని మీద ఒక ఘాటైన కరపత్రం రాసి ఉన్నాడు. ఆ మండలికి డీన్ అయిన ఫ్లూగ్ అక్కడ ఉండలేక మైన్స్‌కు వెళ్లిపోయాడు. ఇన్నిచోట్ల పదవులుండటం తప్పే కావచ్చు గాని, ఇల్లు పోయినప్పుడు అదే అతన్ని నిలబెట్టింది.

1541 జనవరి మొదట్లో నౌంబర్గ్ బిషప్పు ఫిలిప్ చనిపోయాడు. నౌంబర్గ్ పీఠం పాతది. పదో శతాబ్దంలో చక్రవర్తి మొదటి ఓటో త్సైట్స్‌లో స్థాపించాడు, 1028లో నౌంబర్గ్‌కు మారింది. బిషప్పులు మాత్రం తరవాతి కాలంలో ఎక్కువగా త్సైట్స్‌లోనే నివాసం ఉన్నారు. చుట్టూ ఉన్నది ఎలెక్టర్ జాన్ ఫ్రెడరిక్ రాజ్యం. నౌంబర్గ్ పట్టణ ప్రజలు అప్పటికే లూథరన్లయ్యారు. 1536 నుంచి అక్కడ నికోలాస్ మెడ్లర్ అనే లూథరన్ ప్రసంగీకుడు పనిచేస్తున్నాడు. ఎలెక్టర్ జోక్యం చేసుకునేలోపు పని కానిచ్చేద్దామని కానన్లు తొందరపడ్డారు. జనవరి 20నే కూడి ఫ్లూగ్‌ను బిషప్పుగా ఎన్నుకున్నారు.

ఎలెక్టర్ ఒప్పుకోలేదు. నౌంబర్గ్ పీఠం తన రక్షణలో ఉన్నది గనుక తన మాట చెల్లాలన్నాడు. బిషప్పు చక్రవర్తికి నేరుగా లోబడిన ప్రభువు, సాక్సనీకి కాదు అన్నది కానన్ల వాదన. చూడటానికి మతం తగువులా కనిపించే ఈ వ్యవహారం అడుగున ఎవరు ఎవరికి సామంతులన్న లెక్క ఉంది. ఫ్లూగ్ స్వభావం కూడా ఇక్కడ బయటపడింది. సంవత్సరం గడుస్తున్నా పదవి స్వీకరిస్తున్నానని గట్టిగా చెప్పకుండా నానబెట్టాడు. అతను తేల్చుకునే లోపల ఎలెక్టర్ వేరే మనిషిని వెతుక్కున్నాడు.

ఆ మనిషి నికోలాస్ ఫాన్ ఆమ్స్‌డార్ఫ్. లూథర్‌కు ఆప్తమిత్రుడు. అతని ఎంపికలో రెండు లక్షణాలు కలిసొచ్చాయి. అతను ప్రభువంశంలో పుట్టినవాడు, పెళ్లి చేసుకోనివాడు. పాత వ్యవస్థను కూలదోస్తున్నప్పుడు కూడా బిషప్పు పీఠానికి వంశం చూడక తప్పలేదు. 1542 జనవరి 20న, ఫ్లూగ్ ఎన్నికకు సరిగ్గా ఏడాది నిండిన రోజున, నౌంబర్గ్ కెథెడ్రల్ కిక్కిరిసిపోయింది. ఎలెక్టర్ హాజరయ్యాడు. లూథర్ ప్రసంగించి, చుట్టుపక్కల పాస్టర్లతో కలిసి ఆమ్స్‌డార్ఫ్ తల మీద చేతులుంచి ప్రార్థించాడు. అభిషేక తైలం లేదు, పోప్ ఆమోదపత్రం లేదు. నిజమైన క్రైస్తవ బిషప్పును ఎలా నియమించాలో ఇదిగో ఉదాహరణ అంటూ లూథర్ దాని మీద పుస్తకం కూడా వెలువరించాడు. అధికారం మాత్రం ఆమ్స్‌డార్ఫ్‌కు పెద్దగా దక్కలేదు. పీఠం పొలాలు, కోర్టులు, శిస్తులు ఎలెక్టర్ అధికారి చేతుల్లోకి వెళ్లాయి. మత స్వేచ్ఛ పేరుతో రాజు ఖజానా పెంచుకున్నాడన్న ఫ్లూగ్ ఫిర్యాదులో నిజం ఉంది. అదే ఖజానాను మండలి ఎన్ని శతాబ్దాలుగా అనుభవిస్తోందో అతను చెప్పలేదు.

నౌంబర్గ్‌లోని ఆ గొడవల కాలపు ఆనవాలు ఒకటి ఇప్పటికీ మిగిలి ఉంది. లూకాస్ క్రనాఖ్ చిత్రించిన మరియ బలిపీఠపు మధ్య పలకను 1541లో ప్రొటెస్టెంట్లు నాశనం చేశారు. పక్క రెక్కలు మిగిలాయి. వాటి మీద అంతకుముందరి ఇద్దరు బిషప్పుల బొమ్మలున్నాయి.

తన ఎన్నికకూ ఆమ్స్‌డార్ఫ్ నియామకానికీ నడుమనే ఫ్లూగ్‌కు జీవితంలో అన్నిటికన్నా పెద్ద అవకాశం వచ్చింది. 1541 వసంతంలో చక్రవర్తి ఐదో చార్లెస్ రేగెన్స్‌బర్గ్‌లో రెండు పక్షాల పండితుల్ని ఒకచోట కూర్చోబెట్టాడు. కేథలిక్కుల తరఫున ఎక్, గ్రోపర్, ఫ్లూగ్. ప్రొటెస్టెంట్ల తరఫున మెలాంక్తన్, బూట్సర్, పిస్టోరియుస్. పోప్ ప్రతినిధిగా వచ్చిన కార్డినల్ కొంతారీని కూడా సఖ్యత కోరినవాడే. మనిషి విశ్వాసంతో నీతిమంతుడవుతాడా, పుణ్యకార్యాలతోనా అన్నది లూథర్ మొదటి నుంచీ ప్రాణంగా పట్టుకున్న ప్రశ్న. ఆశ్చర్యమేమంటే ఆరుగురూ దాని మీదే ఒక వాక్యసముదాయానికి ఒప్పుకున్నారు. తెగనిది మరోచోట తెగలేదు. రొట్టె ద్రాక్షారసాలు నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయా, పాపసంకీర్తన తప్పనిసరా, చర్చి మహాసభల అధికారం ఎంత అన్నవాటి దగ్గర బండి ఆగిపోయింది. కుదిరిన ఆ ఒక్క అంశాన్ని కూడా ఇటు రోమ్, అటు లూథర్ ఇద్దరూ తోసిపుచ్చారు. ఎక్‌కు తన జట్టులోని ఫ్లూగ్, గ్రోపర్‌ల మీదే నమ్మకం లేదు.

వాదనతో కానిది కత్తితో అయింది. 1546లో చక్రవర్తికీ ప్రొటెస్టెంటు రాజుల కూటమికీ యుద్ధం మొదలైంది. 1547 ఏప్రిల్ 24న మ్యూల్‌బర్గ్ దగ్గర జాన్ ఫ్రెడరిక్ ఓడిపోయి బందీ అయ్యాడు. ఎలెక్టర్ పదవి చక్రవర్తి పక్షాన చేరిన బంధువు మోరిట్స్‌కు దక్కింది. మోరిట్స్ కూడా లూథరనే. ఆమ్స్‌డార్ఫ్ ఊరు విడిచాడు. ఎన్నికైన ఆరేళ్లకు ఫ్లూగ్ సైన్యం నీడలో తన పీఠానికి చేరాడు.

గెలిచిన చక్రవర్తి తన మాట చెల్లించుకోవాలనుకున్నాడు. చర్చి మహాసభ తీర్పు వచ్చేవరకు దేశమంతా పాటించాల్సిన మధ్యంతర మత నిబంధనావళి ఒకటి తయారు చేయించాడు. ఆగ్స్‌బర్గ్ ఇంటెరిమ్ అని పేరు. దాని మూలం ఫ్లూగ్ ముందే రాసుకున్న ముసాయిదా. మైన్స్ సహాయ బిషప్పు మిఖాయెల్ హెల్డింగ్, బ్రాండెన్‌బర్గ్ ఆస్థాన ప్రసంగీకుడు యోహాన్ ఆగ్రికోలా దానికి తుదిరూపం ఇవ్వడంలో పాల్గొన్నారు. 1548 జూన్ 30న చట్టమైంది. ఇరవై ఆరు అధ్యాయాలు. ఏడు సంస్కారాలు, పూజాబలి, పోప్ ప్రాధాన్యం అలాగే ఉంటాయి. ప్రొటెస్టెంట్లకు రెండు మినహాయింపులు. పెళ్లయిన గురువులు కొనసాగవచ్చు, సామాన్య విశ్వాసికి రొట్టెతోబాటు ద్రాక్షారస పాత్ర కూడా ఇవ్వవచ్చు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కేథలిక్కు రాజులు ఈ చట్టం తమకు వర్తించదని తప్పించుకున్నారు. మతం సంగతి తేల్చడానికి చక్రవర్తి ఎవరని రోమ్ ముఖం చిట్లించింది. దక్షిణాదిన చక్రవర్తి సైన్యమున్న పట్టణాల్లో దాన్ని బలవంతంగా అమలు చేశారు. లూథరన్ మతగురువు యోహానెస్ బ్రెంట్స్ అజ్ఞాతంలోకి వెళ్లాడు, బూట్సర్ ఇంగ్లండ్ చేరాడు. లొంగని మాగ్దెబర్గ్ నగరంలో ముద్రణాలయాలు ఇంటెరిమ్ మీద తిట్ల కరపత్రాలు గుట్టలుగా పోశాయి. మెలాంక్తన్‌తో ఫ్లూగ్ పెగావ్‌లో మళ్లీ కూర్చున్నాడు. సాక్సనీ కోసం కొంత మెత్తబరిచిన రూపం ఒకటి పుట్టింది గాని, దాని మీద లూథరన్లలోనే చీలిక వచ్చింది. పొరపాటు జరిగింది ఎక్కడంటే, ఒప్పించడం కోసం రాసిన వాక్యాలను ఫ్లూగ్ ఓడినవాళ్ల మీద చట్టంగా రుద్దనిచ్చాడు. చిత్తశుద్ధి ఉన్న ఆ ముసాయిదా చెడిపోయింది అందుకే.

సొంత పీఠంలో అతని పరిస్థితి మరీ విచిత్రం. కేథలిక్కు బిషప్పు, కింద ఊరూరా పెళ్లయిన లూథరన్ పాస్టర్లు. నౌంబర్గ్ కెథెడ్రల్‌లో, త్సైట్స్ మండలి చర్చిలో పాత పూజలు జరిగేవి. నాలుగడుగుల దూరంలోని పట్టణ చర్చిలో లూథరన్ ఆరాధన జరిగేది. బయటి నుంచి గురువుల్ని తెద్దామని ప్రయత్నిస్తే వచ్చేవారు లేరు. ఫ్లూగ్ ఎవర్నీ వెళ్లగొట్టలేదు. ఉన్న పాస్టర్లను కొనసాగనిచ్చాడు, పాలన చక్కబెట్టాడు, ఉపదేశ గ్రంథాలు రాశాడు. ఇది ఔదార్యమా, గత్యంతరం లేకనా అంటే రెండూ కలిసే ఉన్నాయనాలి. మోరిట్స్ అనుమతించినంత మేరకే అతని అధికారం. లూథరన్ రాజు దయ మీద బతుకుతున్న కేథలిక్కు బిషప్పు లూథరన్లను వేధించలేడు. అయినా అవకాశమున్నప్పుడు కూడా అతను పగ తీర్చుకున్న దాఖలా లేదు.

1551 చివర్లో ట్రెంట్ మహాసభకు వెళ్లి కొద్ది నెలలకే తిరిగొచ్చాడు. 1552లో మోరిట్స్ చక్రవర్తి మీదే తిరగబడటంతో ఇంటెరిమ్ కథ ముగిసింది. 1555లో ఆగ్స్‌బర్గ్ శాంతి ఒప్పందం ఏ రాజ్యంలో మతం ఏదో ఆ రాజే నిర్ణయించుకునే వీలు కల్పించింది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణాన్ని అనుసరించేవారికి చట్టబద్ధమైన చోటు దొరికింది. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఇప్పటికీ పాటించే ప్రమాణం అదే. అదే ఒప్పందంలో బిషప్పులు మతం మారితే పదవి వదులుకోవాలన్న షరతు ఉంది. ఫ్లూగ్ పీఠం లాంటివాటిని కేథలిక్కులకు నిలిపి ఉంచడానికే ఆ షరతు పెట్టారు. ఆచరణలో ఉత్తర జర్మనీలో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

1557లో వోర్మ్స్‌లో చివరిసారిగా పెద్ద సంవాదం జరిగినప్పుడు అధ్యక్షపీఠం ఫ్లూగ్‌దే. అప్పటికి అతనికి దాదాపు అరవై. ఎదుట మళ్లీ మెలాంక్తన్. ఈసారి కేథలిక్కుల వైపున పేత్రుస్ కనీసియుస్ అనే జెస్యూట్ కూర్చున్నాడు. సర్దుబాటు కన్నా సొంత శిబిరాన్ని కట్టుదిట్టం చేసుకోవడం మీద ఆసక్తి ఉన్న కొత్త తరం మనిషి. లూథరన్లలో రెండు వర్గాలు సభలోనే ఒకదాన్నొకటి ఖండించుకున్నాయి. మీలో అసలు లూథరన్లు ఎవరో ముందు తేల్చుకోండి అనడానికి కేథలిక్కులకు సాకు దొరికింది. సభ చెదిరిపోయింది.

ఫ్లూగ్ 1564 సెప్టెంబరు 3న త్సైట్స్‌లో చనిపోయాడు. నౌంబర్గ్‌కు అతనే ఆఖరి కేథలిక్కు బిషప్పు. తరవాత పీఠాన్ని సాక్సనీ ఎలెక్టర్ ఆగస్ట్ తన కొడుకు అలెగ్జాండర్ పేరు మీద రాయించుకున్నాడు. ఆ పిల్లవాడికి అప్పటికి పదేళ్లు. ఏడాది తిరిగేసరికి అతనూ చనిపోతే పాలన నేరుగా ఎలెక్టర్ చేతికి వచ్చింది. విచిత్రం ఏమంటే కానన్ల మండలి రద్దు కాలేదు. మతం మారింది, సభ్యులు ప్రభువంశపు లూథరన్లయ్యారు, వాటాలు ఎప్పటిలాగే పంచుకున్నారు. మెర్స్‌బర్గ్, నౌంబర్గ్, త్సైట్స్ మండలులు కలిసిన సంస్థ ఇవాళ్టికీ ఉంది. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన నౌంబర్గ్ కెథెడ్రల్‌ను చూసుకుంటున్నది అదే.

సఖ్యత కోసం ముప్ఫై ఏళ్లు తిరిగిన మనిషికి ఇరుపక్షాల చరిత్రకారులూ చాలాకాలం పెద్ద పేజీ ఇవ్వలేదు. లూథరన్లకు అతను ఇంటెరిమ్ రాసినవాడు, కేథలిక్కులకు ఎక్కువ వదులుకోజూసినవాడు. అతని ఉత్తరాలు పూర్తిగా అచ్చులోకి వచ్చింది 1969, 1982 మధ్య, ఫ్రాన్సుకు చెందిన డొమినికన్ గురువు పోలే సంపాదకత్వంలో. కానన్ రాబడితో కొన్న పుస్తకాలు త్సైట్స్‌లోనే మిగిలాయి. అక్కడి మండలి గ్రంథాలయానికి అవే పునాది.